బుధవారం సంత ఊరు

వేల్స్‌లో మహన్లెత్ అని చిన్న ఊరు, ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ నుంచి ట్రైన్‌లో మొన్న బుధవారం వెళ్ళొచ్చా, మనసింకా అక్కడే ఉంది. బుధవారమే ఎందుకంటే సంత ఆ రోజే. 1291లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ బుధవారం సంత పెట్టుకోమని హక్కు ఇచ్చాడంట, ఏడొందల ఏళ్ళు దాటినా అదే వారం, మెయిన్ రోడ్డు పొడవునా కూరగాయలు, చీజ్, పాత సామాన్లు, చుట్టూ వెల్ష్ భాషలోనే కబుర్లు, ఎంత ముచ్చటేసిందో! ఒకావిడ పెనం మీద వెల్ష్ కేకులు కాలుస్తోంది, ఎండుద్రాక్ష వేసిన చిన్న బిళ్ళలు, రెండు వైపులా ఎర్రగా కాల్చి వేడి మీదే పంచదార అద్ది ఇచ్చింది, అబ్బ ఆ వెన్న వాసన!

ఇంగ్లండ్ మీద తిరగబడ్డ వేల్స్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ 1404లో పార్లమెంట్ పెట్టింది ఈ ఊళ్ళోనే. ఆ పార్లమెంట్ పేరుతో ఇప్పుడున్న రాతి బిల్డింగ్ ఆ తర్వాత కట్టిందే అంటారు, అయినా దాని ముందు నిలబడితే ఒళ్ళు జలదరించింది నాకు. 1870ల నాటి క్లాక్ టవర్, పాత చాపెల్‌లో పెట్టిన ఆర్ట్ మ్యూజియం కూడా బాగున్నాయి. వేల్స్‌లో కార్డిఫ్ సిటీ, స్నోడన్ కొండ చూసి వెనక్కొచ్చేసేవాళ్ళు ప్లాన్‌లో ఒక బుధవారం దీనికి ఉంచుకోండి, పొద్దున్నే వెళ్ళండి.