ఆకుపచ్చ సీసా తీసి దాచిన తరువాత: ఆరు వారాల నమోదు

ఆగస్టు మొదటి ఆదివారం నుంచి తిరుపతిలో మా మేడ మీద, మా మనవరాలికీ మరో నలుగురు ఇరుగుపొరుగు పిల్లలకూ రంగులు కలపడం నేర్పుతున్నాను. అందరూ నాలుగు నుంచి ఏడేళ్ల లోపు వాళ్లే కాబట్టి గంట దాటితే ఎవరూ కుదురుగా కూర్చోరు.

పన్నెండు పోస్టర్ రంగుల పెట్టెలో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మాత్రమే బయట ఉంచి, తక్కిన వాటితో పాటు ఆకుపచ్చ సీసాను కూడా బీరువాలో పెట్టేశాను. ఆ సీసా కంటి ముందు ఉన్నంతసేపు వేపాకుకూ అరటాకుకూ చింతాకుకూ పిల్లలు ఒకే రంగు పూస్తారు. మొదటి రోజే మరో చిక్కు వచ్చింది. నేను "పచ్చ" అనగానే ఒకడు పసుపు సీసా అందుకున్నాడు, మరొక పాప ఆకుపచ్చ ఏదని వెతికింది. పసుపూ ఆకూ రెండూ పచ్చలే అయిన భాషలో వాళ్లను తప్పుపట్టలేం. అప్పటి నుంచి ఉత్త పచ్చ అనడం మానేసి, చిలకపచ్చ, కనకాంబరం, నేరేడు, ఇటుక అని వస్తువు పేరుతోనే రంగును పిలుస్తున్నాము.

రంగు ఒక చెంచాకు నీళ్లు రెండు చెంచాలు పోసి చిన్న గిన్నెల్లో ఉంచుతాను. పిల్లలు ఇంకు ఫిల్లర్లతో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కలుపుతారు. స్టీలు పళ్లెం మెరుపులో రంగు సరిగా తెలియడం లేదని, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తెల్ల టైల్ ముక్కలను, అంచులు నున్నగా రుద్ది వాడుతున్నాను. మా గిన్నెల్లో పసుపు ఆరు చుక్కలకు నీలం ఒక్క చుక్క వేస్తే చిలకపచ్చ వస్తుంది, మూడు వేస్తే ముదురాకు రంగు వస్తుంది. ఎప్పుడూ పసుపులోకే నీలం వేయాలి. నీలంలోకి పసుపు పోస్తూ పోతే సీసా ఖాళీ అవుతుందే తప్ప రంగు తేలిక పడదు.

రెండో వారం మామిడి చిగురు తెచ్చి పెట్టాను. "అవ్వా, ఈ ఆకు పచ్చగా లేదే!" అని అయిదేళ్ల పాప అడిగిన ప్రశ్నతోనే ఆ రోజు గడిచిపోయింది. ఎరుపు మూడు చుక్కలు, పసుపు రెండు, పుల్ల కొనతో తాకించినంత నీలం కలిపితే రాగి రంగు చిగురు వచ్చింది. ఒకడు నీలం ఎక్కువ వేసి బురద చేసి ఏడుపు ముఖం పెట్టాడు. ఆ బురదలో పీచు ముంచి అట్ట మీద అద్దితే చక్కటి చెట్టు మాను అయింది.

మూడో వారం నేను చేసిన పని మాత్రం పొరపాటే. శంఖుపూలను వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీలి రసంలో నిమ్మరసం పిండి గులాబీ రంగుకు మార్చి చూపించాను. పిల్లలు కేరింతలు కొట్టారు. మరుసటి వారం ఒక పిల్లవాడు పోస్టర్ నీలంలో అరచెక్క నిమ్మకాయ పిండి, గులాబీ రంగు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పులుపుకు మారేది పువ్వులోని రంగు. అది రెండు రంగుల కలయిక కాదు. ఈ తేడా నాలుగేళ్ల వాళ్లకు చెప్పి ఒప్పించలేక ఆ ఆటను ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

శంఖుపువ్వు బొమ్మకు ఊదా రంగు కలపడంలోనూ తడబడ్డాము. పెట్టెలోని ఎరుపు నారింజ వైపు మొగ్గేది కావడంతో, అందులోని పసుపు ఛాయ నీలంతో కలిసి రంగును మట్టి చేసింది. గులాబీ వైపు మొగ్గే క్రిమ్సన్ సీసా విడిగా కొని తెచ్చాకే అసలైన ఊదా వచ్చింది.

అయిదో వారం శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్క ఒకటి చూపించాను. అక్కడి పనివారు సంప్రదాయంగా నీలం, పసుపు ఒకదానిపై ఒకటి వేసి ఆకుపచ్చ తెస్తారని చెప్పగానే, మా మనవరాలు ఆకుల అంచుల్లో పసుపో నీలమో విడిగా కనిపిస్తుందేమోనని గుడ్డను కళ్లకు ఆనించుకుని వెతికింది.

ఆరో వారం మేడ మీది నుంచి కనిపించే శేషాచలం కొండలను వేశాము. జల్లించిన ఎర్రమట్టిలో ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి కొండ పాదానికి పూశాము. పాత పుస్తకాల కింద వారం రోజులు ఆరబెట్టిన రావి, కానుగ ఆకులను ముందువైపు అంటించాము. కొండ పైభాగానికి ఏ రంగు వేయాలో పిల్లలనే చూసి చెప్పమన్నాను. ఉదయం ఎనిమిది గంటల మంచులో ఆ కొండ ఆకుపచ్చగా లేదని అయిదుగురూ తేల్చారు. నీలం, తెలుపు, చిటికెడు ఎరుపు కలిపి ఎవరికి తోచిన బూడిద నీలం వారు చేసుకున్నారు.

సగానికి పైగా ఆకులు సరిగా ఆరక బూజు పట్టాయి, కాబట్టి వచ్చే వారానికి ఆకుల మధ్య కాగితాలు రోజూ మార్చాలి. బీరువా తాళం మాత్రం ఎవరూ అడగలేదు.