నాన్న రిపోర్టులో మొదటి పేజీ

నాన్న చెకప్ కోసం ఇచ్చిన రక్తపరీక్ష రిపోర్టు ఇవాళ మధ్యాహ్నం ఫోన్‌కి వచ్చింది. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిపడా పంప్ చేయలేకపోవడం) అని తెలిసినప్పటి నుంచీ ఇంట్లో అందరం కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూసి హమ్మయ్య అనుకుంటాం, మొదటి పేజీలో ఉండే సీబీసీ, అంటే రక్తకణాల లెక్క జోలికి ఎవరూ పోరు. నేను మాత్రం ఈమధ్య ముందు ఆ పేజీనే చదువుతున్నాను.

తెల్ల రక్తకణాలు 8,900. మామూలే, పక్కన స్టార్ గుర్తు కూడా లేదు. కానీ కింద రకాలవారీగా ఇచ్చిన చోట న్యూట్రోఫిల్స్ 74 శాతం, లింఫోసైట్స్ 17 శాతం ఉన్నాయి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నాలుగు దాటింది. మొత్తం తెల్లకణాల సంఖ్య కంటే ఈ నిష్పత్తే గుండె రోగుల్లో మరణాన్నీ గుండెపోటునూ బాగా ముందుగా పట్టిస్తుందని 2005లోనే ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, శరీరం ఒత్తిడిలో ఉండి కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైతే లింఫోసైట్స్ తగ్గుతాయి, ఆ రెండు కష్టాలూ కలిసి ఒక్క అంకెలో కనబడతాయన్నమాట.

నాకు అసలు టెన్షన్ పెట్టింది ఆర్‌డీడబ్ల్యూ, అంటే ఎర్రకణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె. 16.2 ఉంది, 14.5 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఎర్రకణాలన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి, కొన్ని చిన్నవీ కొన్ని పెద్దవీ కలిసిపోతే ఈ అంకె పెరుగుతుంది. రక్తహీనత ఏ రకమో తేల్చుకోవడానికి మాత్రమే వాడే ఈ అంకె, హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద జరిగిన ఛార్మ్ ట్రయల్ డేటాను 2007లో మళ్లీ తిరగేసినప్పుడు, అక్కడున్న ల్యాబ్ పరీక్షలన్నిటిలో అతి బలమైన సూచికల్లో ఒకటిగా బయటపడింది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి ఇది ఇవాళ్టి సంగతి ఒక్కటే కాదు, గత మూడు నాలుగు నెలలుగా ఆ కణాలను తయారుచేసే ఎముక మజ్జ ఎంత ఇబ్బంది పడుతోందో కూడా చెబుతుంది.

నేను అంతసేపు ఫోన్‌లోకే చూస్తుంటే నాన్న పక్కకొచ్చి కూర్చుని, "ఏంట్రా, నేనెన్నాళ్లుంటానో అందులో రాశారా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను, అది ఓదార్పు మాట కాదు. ఈ అంకెలు వేలమందిని కలిపి చూస్తే ఎవరి గుంపులో ముప్పు ఎక్కువో చెబుతాయి, ఒక మనిషి సంగతి చెప్పలేవు. పైగా నాన్నకి పోయిన వారమంతా పన్ను వాచి ఉంది, ఆ ఇన్ఫెక్షన్‌కే న్యూట్రోఫిల్స్ పెరిగి ఉండొచ్చు.

ఆర్‌డీడబ్ల్యూ తగ్గించడానికంటూ మందు లేదు, దాని వెనకున్న కారణానికి ఉండొచ్చు. హిమోగ్లోబిన్ 11.4 ఉంది, మగవాళ్లకి 13 కంటే తక్కువైతే రక్తహీనతే. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) 100 లోపు ఉన్నా, 100 నుంచి 299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పేది) 20 శాతం కంటే తగ్గినా ఐరన్ లోపంగానే చూస్తారు. అలాంటివాళ్లకి ఐరన్ నరం ద్వారా ఎక్కిస్తే ఆయాసం తగ్గి కాస్త ఎక్కువ దూరం నడవగలుగుతున్నారు. నాన్నకి ఈ రెండు పరీక్షలూ ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

సోమవారం అపాయింట్‌మెంట్. ఆ రెండూ రాయమని డాక్టర్ గారిని అడగాలి, పన్ను వాపు తగ్గాక సీబీసీ మళ్లీ చేయించాలి, పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లి ఆర్‌డీడబ్ల్యూ ఎప్పటి నుంచి పెరుగుతోందో చూపించాలి.