భూవిజ్ఞానం ప్రిపరేషన్: తొమ్మిది పుస్తకాలు కొని నేను బోర్లాపడ్డ సంగతి

భూవిజ్ఞానం టీచర్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి డెమో క్లాస్‌లో పోయినవాణ్ని నేను. ఆ సంగతితోనే మొదలుపెడతాను. పుస్తకాల గురించి ఇక్కడ చెప్పబోయేదంతా ఆ పావుగంటలోంచే వచ్చింది.

నాకిచ్చిన అంశం భూమి అంతర్నిర్మాణం. సులువైనదే వచ్చిందని లోపల్లోపల సంబరపడ్డాను. బోర్డు మీద వృత్తాలు గీసి భూపటలం, ప్రావారం, కేంద్రమండలం అని పేర్లు రాశాను. భూకంపాలు పుట్టించే తరంగాల్లో పి తరంగాలు ఘన పదార్థంలోనూ ద్రవంలోనూ వెళ్తాయి, ఎస్ తరంగాలు ద్రవంలో వెళ్లలేవు, బాహ్య కేంద్రమండలం ద్రవమని అలాగే తెలిసింది అని చెప్పాను. అంతవరకు బాగానే నడిచింది. తర్వాత ఫలకాల దగ్గరికొచ్చి, అంటే భూమి పైపెంకు విడిపోయి ఉన్న పెద్ద ముక్కల దగ్గరికొచ్చి, ఎర్ర సుద్దముక్కతో ప్రావారాన్ని నింపుతూ "ఈ కరిగిన శిలాద్రవం మీద ఫలకాలు తెప్పల్లా తేలుతుంటాయి" అన్నాను. ప్యానెల్‌లో చివర కూర్చున్న మేడమ్ చెయ్యెత్తారు.

"ప్రావారం కరిగి ఉంటే ఎస్ తరంగాలు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఎలా వెళ్తున్నాయండీ? ద్రవంలో వెళ్లవని ఇందాక మీరే అన్నారు కదా."

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏదో నసిగాను గానీ అది జవాబు కాదని నాకే తెలుస్తోంది.

ఇంటికొచ్చి పుస్తకాలన్నీ కింద పరిచాను. మొత్తం తొమ్మిది. తరంగాల సంగతి ఒక పుస్తకంలో చదివాను, తేలే ఫలకాల సంగతి ఇంకోదాంట్లో. ఆ రెండో పుస్తకంలో ప్రావారమంతా నిప్పుకణికలా ఎర్రగా బొమ్మ వేసి ఉంది. రెండు విషయాలూ నా బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి, కానీ ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు. నిజానికి ప్రావారం దాదాపు అంతా ఘనమే. హిమానీనదంలో మంచు గడ్డకట్టి ఉండి కూడా మెల్లగా జారినట్టు, ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో రాయి ఘనంగా ఉంటూనే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. కొన్నిచోట్ల కొద్దిపాటి భాగం కరుగుతుంది, అంతే. పైగా ఎగువ ప్రావారంలో ఎక్కువగా ఉండే పెరిడోటైట్ రాయిని చేతిలోకి తీసుకుంటే ఆకుపచ్చగా ఉంటుంది, అందులోని ఆలివిన్ ఖనిజం వల్ల. బొమ్మలు గీసేవాళ్లకు ఆ ఎరుపు ఎక్కణ్నుంచి వచ్చిందో మరి.

తొమ్మిది పుస్తకాలు ఎందుకు పోగయ్యాయో మీకు చెప్పక్కర్లేదనుకుంటా. ర్యాంకర్ ఒకరు ఒక పేరు చెప్తారు, కొంటాం. ఇంకొకరు ఇంకోటి అంటారు, అదీ కొంటాం. ప్రతి పుస్తకాన్నీ ఉత్సాహంగా మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడతాం. లెక్క చూసుకుంటే సౌరకుటుంబం పుట్టుక నేను తొమ్మిదిసార్లు చదివాను. భూగర్భ జలాల అధ్యాయం, అది ప్రతి పుస్తకంలోనూ వెనకెక్కడో ఉంటుంది కదా, ఒక్కసారి కూడా చదవలేదు. పరీక్షలో దాని మీద నాలుగు ప్రశ్నలొచ్చాయి.

రెండోసారి ప్రిపరేషన్‌లో ముందు చేసిన పని, కొత్త పుస్తకం కొనేముందు దాన్ని నేనే పరీక్షించడం. అధ్యాయాలన్నీ చూడక్కర్లేదు. మూడు నాలుగు చోట్ల గుచ్చి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలిసిపోతుంది.

నేను మొదట చూసేది భూవైజ్ఞానిక కాలమానం పట్టిక. క్వాటర్నరీ పీరియడ్ 18 లక్షల ఏళ్ల క్రితం మొదలైందని ఉంటే ఆ పట్టిక 2009కి ముందుది. ఆ ఏడాది ఆ సరిహద్దును 25.8 లక్షల ఏళ్లకు జరిపారు. డైనోసార్లు అంతరించింది 6.5 కోట్ల ఏళ్ల క్రితమని ఉందా, 6.6 కోట్లని ఉందా? టెర్షియరీ అన్న పేరే పీరియడ్‌గా నడుస్తోందా, పేలియోజీన్, నియోజీన్ అని విడగొట్టారా? హోలోసీన్‌ను 2018లో మూడు భాగాలు చేశారు. చివరి భాగం మేఘాలయన్, 4,200 ఏళ్ల క్రితం మొదలైంది. అది ఉందా? ఆంత్రోపోసీన్‌ను అధికారిక యుగంగా రాసేసిన నోట్స్ కూడా నాకు కనిపించింది. ఆ ప్రతిపాదనను 2024లో తిరస్కరించారు. కవర్ మీద 'తాజా ఎడిషన్' అని ఉండి లోపల పట్టిక మాత్రం పాతదే ఉన్న పుస్తకాలు నా తొమ్మిదిట్లోనే రెండున్నాయి. ముద్రణ సంవత్సరం కన్నా ఈ పట్టికే పుస్తకం అసలు వయసు చెప్తుంది.

అలాగని ఒక్క అంకె తప్పని పుస్తకం పారేయకండి. అంకెను పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు. కాలం చెల్లిన ఆలోచనను దిద్దుకోవడం మాత్రం కష్టం. పర్వతాల పుట్టుకను ఇంకా భూఅభినతులతోనే (మట్టి, ఇసుక పొరలుగా పోగై కుంగిన పొడవాటి పల్లాలు) చెప్పి, ఫలక చలనాన్ని చివర్లో 'మరొక సిద్ధాంతం' అని ఒక పేరాతో సరిపెట్టిన పుస్తకం ఉంది నా దగ్గర. వెగెనర్ ఖండ చలనం పుస్తకంగా వచ్చింది 1915లో. హెస్ సముద్రతలం విస్తరిస్తోందన్నది 1962లో. వైన్, మాథ్యూస్ సముద్రతలం మీది అయస్కాంత చారలను దానికి ముడిపెట్టింది 1963లో. ఆ దశాబ్దం ముగిసేసరికి భూవిజ్ఞానం మొత్తం ఆ పునాది మీద కూర్చుంది. ఆ పునాది లేని పుస్తకంతో భూకంపాలు, అగ్నిపర్వతాలు, రూపాంతర శిలలు దేనికవి విడివిడిగా బట్టీ పట్టాల్సి వస్తుంది. అదే పాత పుస్తకంలో ఖనిజాల అధ్యాయం మాత్రం బంగారం. క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేల్ మీద అప్పుడూ 7, ఇప్పుడూ 7. కాల్సైట్ 3, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. ఇలాంటివి పాతబడవు. పాతవాళ్లు చేత్తో పట్టుకుని చూసి రాశారు కాబట్టి వర్ణన కూడా బాగుంటుంది.

రెండో పరీక్ష బొమ్మలకు. ఇది రాతపరీక్షకు ఎంత పనికొస్తుందో చెప్పలేను గానీ పాఠం చెప్పబోయేవాళ్లకు చాలా ముఖ్యం. రుతువుల అధ్యాయంలో భూకక్ష్య బొమ్మ చూడండి. చాలా పుస్తకాల్లో కోడిగుడ్డులా సాగదీసి ఉంటుంది. ఆ బొమ్మ చూసినవాడెవడైనా సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే శీతాకాలం అనుకుంటాడు. అనుకోకపోతేనే ఆశ్చర్యం. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లు. ఓ రోజు కూర్చుని లెక్కేశాను. కక్ష్యను 15 సెంటీమీటర్ల పొడవుతో కాగితం మీద గీస్తే, అడ్డంగా తగ్గాల్సింది 0.02 మిల్లీమీటర్లు. పెన్సిల్ గీత మందమే అంతకన్నా ఎక్కువ. అంటే కంపాస్‌తో వృత్తం గీసి, సూర్యుణ్ని కేంద్రం నుంచి ఒక మిల్లీమీటరు, ఇంకో చిటికెడు పక్కకు జరిపితే అదే సరైన బొమ్మ. ఏటవాలుగా చూస్తే అలా కనిపిస్తుందని బొమ్మ కింద ఒక్క వాక్యం రాసిన పుస్తకానికి నేను సగం మార్కులు అక్కడే వేసేస్తాను.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష: ఈ విషయం మనకెలా తెలిసిందో పుస్తకం చెప్తుందా? భూమి వయసు 454 కోట్ల ఏళ్లు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 1956లో ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం ఐసోటోపులను కొలిచి 455 కోట్ల ఏళ్లని తేల్చాడని కొన్నిట్లో ఉంటుంది. భూమి వయసు తెలియాలంటే ఉల్కలెందుకు, భూమ్మీది రాళ్లు చాలవా అన్న ప్రశ్న ఏదో ఒకటి రెండిట్లోనే ఉంటుంది. భూమ్మీద రాళ్లు కరిగి, నలిగి, అరిగి మళ్లీ మళ్లీ కొత్తవవుతుంటాయి కాబట్టి మొదటి నాటివి మనకు మిగల్లేదు, అదీ జవాబు. ఈ ఒక్క జవాబుతో శిలాచక్రం, రేడియోధార్మికత, సౌరకుటుంబం పుట్టుక మూడూ ఒక దారానికి ఎక్కుతాయి. అలాగే భూకంప శాస్త్రవేత్త లేమన్ 1936లో అంతర కేంద్రమండలం ఉందన్నది ఒట్టి ఊహతో కాదు. పి తరంగాలు అందకూడని నీడ ప్రాంతంలో బలహీనంగా అవి నమోదవుతున్నాయని గమనించింది. ఈ మాట చదివాక ఆ సంవత్సరం మర్చిపోమన్నా మర్చిపోలేం. ప్రతిపాదన-కారణం మోడల్ ప్రశ్నల్లో నాకు రెండోసారి మార్కులు పెరగడానికి ఈ రకం చదువే కారణమని నా నమ్మకం.

చిన్న చిన్న గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. శైథిల్యం అంటే రాయి ఉన్నచోటే శిథిలమవడం, క్రమక్షయం అంటే ఆ శిథిలాన్ని నీరో గాలో తీసుకుపోవడం. ఈ రెండింటినీ కలగాపులగం చేసే పుస్తకాన్ని నమ్మకండి. భూకంపాలన్నిటినీ ఇప్పటికీ 1935 నాటి రిక్టర్ స్కేల్‌తోనే కొలుస్తారని రాస్తే అనుమానించండి. పెద్ద భూకంపాలకు ఇప్పుడు వాడేది 1979లో వచ్చిన మొమెంట్ మాగ్నిట్యూడ్. ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు, రెండు పెరిగితే దాదాపు వెయ్యి రెట్లు. పది రెట్లని రాసే చోట ఏది పది రెట్లో చూడండి. అది తరంగాల కంపన పరిమితికి సంబంధించిన లెక్క. పుస్తకం చివర పదసూచిక లేకపోతే రివిజన్‌లో తల ప్రాణం తోకకొస్తుంది, అదీ ముందే చూసుకోండి.

మ్యాపులకు చదివే పుస్తకం పనికిరాదు, చేసే పుస్తకం కావాలి. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, వాగును దాటేచోట వి ఆకారంలో వంగుతాయనీ, ఆ వి మొన ఎగువకు చూపిస్తుందనీ నేను పదిసార్లు చదివి పదకొండోసారి తప్పు రాశాను. ముప్పై మ్యాపులు నా చేత్తో గీసుకున్నాక ఆ తప్పు మళ్లీ రాలేదు. లెక్కలూ, మ్యాపులూ, వాటికి విడిగా జవాబులూ ఉన్న అభ్యాస పుస్తకం ఒకటుంటే చాలు.

ఇక పాఠం చెప్పడానికి పుస్తకం. ఇక్కడే నేను మొదటిసారి పప్పులో కాలేశాను. డిగ్రీ పుస్తకం వచ్చినవాడికి స్కూల్ పుస్తకం ఎందుకని దాని మొహం చూడలేదు. నేర్చుకునే పుస్తకం మన సందేహం తీరిస్తే చాలు. పాఠం చెప్పే పుస్తకానికి అది సరిపోదు, పిల్లవాడు ఎక్కడ తప్పుగా ఊహిస్తాడో ముందే పసిగట్టాలి. సంవహనం, అంటే వేడెక్కినది పైకి లేచి చల్లబడినది కిందికి దిగడం, గురించి చెప్పడానికి గిన్నెలో నీళ్లు మరిగించి చూపించమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మంచి ప్రయోగమే. కానీ గిన్నెలో ఉన్నది నీళ్లు. అది చూసిన పిల్లలకు ప్రావారం కూడా మరిగే ద్రవమేనన్న ముద్ర పడిపోతుంది. డెమోలో నేను చేసిందీ అదే తప్పు, కాకపోతే పిల్లల స్థానంలో నేనున్నాను. ఈ నమూనా ఎక్కడిదాకా పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని ఉపాధ్యాయుడికి చెప్పే పుస్తకం దొరికితే వదలకండి. అది పలచగా ఉన్నా సరే.

తెలుగులో చదివేవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఒకే పదార్థానికి ఒక పుస్తకంలో శిలాద్రవం, ఇంకోదాంట్లో మాగ్మా. ఒకచోట ప్రావారం, మరోచోట మాంటిల్. మొదట్లో ఇవి వేర్వేరనుకుని రెండుసార్లు నోట్స్ రాసుకున్నాను! తర్వాత చిన్న నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి తెలుగు మాట, ఇంగ్లిష్ మాట పక్కపక్కన రాసుకుంటూ పోయాను. మూడు నెలల్లో నాలుగు వందల మాటలయ్యాయి. పరీక్ష ముందు రోజు నేను తెరిచింది ఆ నోట్‌బుక్ ఒక్కటే.

రెండోసారి చివరికి నా బల్ల మీద మిగిలినవి మూడే పుస్తకాలు: వెనక అధ్యాయాల నుంచి మొదలుపెట్టి రెండుసార్లు పూర్తిగా చదివిన ఒక పెద్ద పుస్తకం, మ్యాపుల అభ్యాస పుస్తకం, ఒక స్కూల్ పుస్తకం. ఖనిజాల కోసం ఆ పాత పుస్తకం అప్పుడప్పుడూ. మిగతావి అడిగినవాళ్లకు ఇచ్చేశాను, పాత పట్టికల సంగతి చెప్పి మరీ.

ఎర్ర ప్రావారం బొమ్మ ఉన్న పుస్తకాన్ని మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు క్లాసులో తరంగాల పాఠం అయ్యాక ఆ పేజీ తెరిచి, ఇందులో తప్పేంటో పట్టుకోమంటాను. కాసేపటికి ఎవరో ఒకరు ఎస్ తరంగాల దగ్గరికి వస్తారు. పోయినసారి ఒకమ్మాయి అది వదిలేసి స్కేలు తీసుకుని బొమ్మను కొలవడం మొదలుపెట్టింది. కేంద్రం నుంచి అంచుదాకా 10 సెంటీమీటర్లుంది, అందులో భూపటలం ఒక సెంటీమీటరు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కదా సార్, ఈ లెక్కన భూపటలం ఆరు వందల కిలోమీటర్లు దాటిపోతోంది అంది. ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లుండే భూపటలం ఆ బొమ్మలో దాదాపు అర మిల్లీమీటరే ఉండాలి. ఇన్నేళ్లుగా ఆ పేజీ చూస్తున్నాను, నాకెప్పుడూ స్కేలు పెట్టాలని తోచలేదు.