సోమశిల రేవు నుంచి ఈగలపెంట దాకా

మాఘమాసంలో ఒక ఉదయం నల్లగొండ నుంచి బయలుదేరి, దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సాగర్ కాలువ పారే పల్లెలో పెరిగినవాణ్ణి కనుక, ప్రాజెక్టు అనగానే నా కళ్లముందు మెదిలేది వరిమడి మాత్రమే. అదే కృష్ణ మీద ఎగువన కట్టిన శ్రీశైలం ప్రాజెక్టు పాలమూరు ఊళ్లను ఏం చేసిందో ఒకసారి కళ్లారా చూడాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

కొల్లాపూర్ నుంచి సోమశిలకు వెళ్లే రోడ్డు నీటి అంచున ఆగిపోతుంది. ఎదురుగా నల్లమల కొండలు, వాటి పాదాల దగ్గర అవతలి ఒడ్డున సిద్ధేశ్వరం. రేవుకు ఎగువన ఉన్న లలితా సోమేశ్వరాలయం మొదట నది పక్కనే ఉండేది. జలాశయం నిండితే మునిగిపోతుందని రాళ్లు విప్పి, పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్నీ, అలంపూర్‌కు తరలించిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ అలాగే కాపాడారు. ఆ పనిలో చూపిన శ్రద్ధను చేతులెత్తి మెచ్చుకోవాలి. కానీ ఆ గుళ్ల చుట్టూ బతికిన మనుషుల విషయంలో అంత ఓపిక చూపలేదన్న సంగతి ఆ రేవులోనే నాకు తెలిసింది.

వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. వాళ్ల ఊరు ముంపులో పోయిందట. "ఏ దిక్కున ఉండె పెద్దయ్యా?" అని అడిగితే, చేయి చాచి నీళ్ల నడిమికి చూపించాడు.

"ఆడనే సారూ. ఎనభై ఒకట్ల ఎండకాలం లారీలు, పోలీసోల్లు వచ్చిండ్రు. ఇండ్లు కూలగొట్టిండ్రు, దూలాలు మేమే మోసుకున్నం. గుడిని రాయి రాయికి నంబరేసి మోసుకపోయిండ్రు గానీ, మా బొడ్రాయిని ఎవరు పెకిలిస్తరు? అది ఆడనే ఉన్నది."

వంద గ్రామాల దాకా, లక్ష ఎకరాల దాకా ఆ జలాశయం కింద పోయాయని చదివి ఉన్నాను. ఊరి నడిబొడ్డున పాతుకునే బొడ్రాయి మాట విన్నాక ఆ అంకెలు నా మనసులో మునుపటిలా లేవు. ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగం ఇవ్వాలంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. పెద్దాయన కొడుకు ఆ కాగితాలు పట్టుకొని తిరిగి తిరిగి, వయసు మీరిపోయి, ఇప్పుడు మేస్త్రీ పనికి పోతున్నాడట. పరిహారం ఆలస్యమైతే అది ఒక తరం దాటి మనవళ్ల మీద పడుతుందని ఆ ఇంటిని చూస్తే అర్థమవుతుంది.

నది జలాశయమైన తర్వాత బంధుత్వాలు కూడా దూరమయ్యాయి. వెనుక ఎండకాలంలో నడిచి, వానకాలంలో పుట్టి ఎక్కి అవతలికి పోయేవారట, పిల్లను ఇచ్చి పుచ్చుకునేవారట. ఇప్పుడు రోడ్డున పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి, లేదంటే మరబోటే గతి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయిన సంగతిని ఇక్కడ ఎవరూ మరువలేదు. సోమశిల, సిద్ధేశ్వరాల మధ్య తీగల వంతెన మంజూరైంది. "అది కట్టినంక మా చెల్లె ఊరు గంటల పోవచ్చు, అప్పటిదాక నేనుంటెనా" అన్నాడాయన.

చేపల మీద బతికేవారు ఒడ్డున గుడిసెలు వేసుకొని ఉన్నారు. చేపపిల్లను కూడా వదలని అలివి వలల వల్ల తమ గాలానికి ఏమీ మిగలడం లేదని వారు మొర పెట్టుకున్నారు. నీరు వెనక్కి తగ్గినకొద్దీ తేలిన ఒండ్రు నేలలో కొందరు పంట వేసుకుంటారు. తమ పాత పొలంలోనే, తమది కాని భూమిలో, నీళ్లు మళ్లీ వచ్చేలోపు.

బయలుదేరుతుంటే పెద్దాయన నా ఫోను నంబరు తీసుకున్నాడు. "డ్యాం కాడికి పోతున్నరు గద, ఎన్ని ఫీట్లున్నదో అడిగి చెప్పుండ్రి సారూ" అన్నాడు. ఎందుకో అప్పుడు అడగలేదు.

అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరేటప్పటికి చీకటి పడింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసివేస్తారు కనుక అక్కడే ఆగాను. టీ కొట్టు దగ్గర కలిసిన చెంచు యువకుడు తమ పెంటలో, అంటే అడవిలోని చెంచు గూడెంలో, సోలారు దీపాలే వెలుగుతాయన్నాడు. మరునాడు అడవిలో పోతుంటే, పెద్ద విద్యుత్ టవర్లు కనిపించిన ప్రతిసారీ అతని మాటే గుర్తొచ్చింది.

ఈగలపెంటకు దిగువన, కొండ కడుపులో ఎడమగట్టు విద్యుత్ కేంద్రం ఉంది. 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. కుడిగట్టున మరో 770. ఎడమగట్టు యంత్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. కరెంటు అవసరమైనప్పుడు నీటిని కిందికి వదిలి తిప్పుతారు. గిరాకీ తగ్గిన వేళ వాటినే వెనక్కి తిప్పి, దిగువ నీటిని మళ్లీ జలాశయంలోకి ఎత్తిపోయగలరు. 2020 ఆగస్టు 20 రాత్రి ఈ కేంద్రంలోనే మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. సొరంగ ద్వారాన్ని దూరం నుంచే చూసి, చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను. మనం మీట నొక్కితే వెలిగే దీపం వెనుక ఆ కొండలోపలి మనుషులూ, నీళ్ల కింది ఊళ్లూ ఉన్నాయని అంతకుముందు నాకు ఇంత దగ్గరగా తోచలేదు.

ఆనకట్ట పూర్తి మట్టం 885 అడుగులు. ఆ రోజు 862 ఉందని అక్కడి కాంట్రాక్టు కార్మికుడొకరు చెబితే, మాట ప్రకారం సోమశిలకు ఫోను చేశాను. పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు.

"ఇంకా దిగాలె సారూ. ఉగాది దాటినంక బొడ్రాయి తేలుతది. అప్పుడు పోయి, కడిగి, బొట్టు పెట్టి వస్తం. ఈసారి మీరు గూడ రాండ్రి."

వస్తానని చెప్పాను.