ఫిల్టర్ కడగడానికి నన్నెందుకు పిలుస్తున్నారు?

పరాయి దేశంలో స్విమ్మింగ్ పూల్స్ చూసుకునే కంపెనీలో నా ఉద్యోగం. ఫిల్టర్ సర్వీసుకని ఇంటివాళ్లు కట్టే బిల్లు నేరుగా ఆఫీసుకు పోతుంది. నాకొచ్చేది నెల జీతమే. అందుకని, "ఇది మేమే చేసుకోలేమా?" అని ఎవరైనా అడిగితే దాచాల్సిన పని నాకు లేదు. సూపర్‌వైజర్ పక్కన లేకపోతే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

అడిగేది ఎక్కువగా మనవాళ్లే. మిగతావాళ్లు గేటు తీసి, పూల్ ఎటుందో చూపించి లోపలికి వెళ్లిపోతారు. తెలుగువాళ్ల ఇల్లయితే చొక్కా మీద పేరు చూడగానే మాటలు మొదలవుతాయి, పని అయ్యేదాకా పక్కనే నిలబడతారు. ఒకాయన అలాగే చివరిదాకా చూసి, "ఏమీ అనుకోకు తమ్ముడూ. పైపు పెట్టి కడిగావు, మూత బిగించావు. దీనికింత బిల్లా?" అన్నారు.

"కడిగినందుకైతే ఎక్కువే అన్నా. మూత తీసి మళ్లీ పెట్టినందుకైతే కాదు" అన్నాను.

మాట దాటేయడానికి అన్నది కాదది. పంపు నడుస్తున్నంతసేపూ ఫిల్టర్ ట్యాంకు లోపల ఒత్తిడి ఉంటుంది. నీళ్లు నొక్కితే పెద్దగా నొక్కుకోవు గానీ, గాలి నొక్కుకుంటుంది. ట్యాంకు పైభాగంలో చిక్కుకున్న ఆ గాలి, మూతను పట్టి ఉంచే క్లాంప్ వదులైన క్షణంలో దాన్ని ఎగరేస్తుంది. ప్రాణాపాయం ఉందని ట్యాంకు మీది స్టిక్కర్‌లోనే రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. నాకు పని నేర్పిన సీనియర్ మొదటిరోజే ఒక రూలు పెట్టాడు: పంపు ఆపు, గాలి వాల్వ్ తెరువు, ఒత్తిడి చూపించే గేజ్ ముల్లు సున్నాకు వచ్చేదాకా స్పానర్ ముట్టుకోకు. తిరిగి బిగించాక కూడా అంతే. గాలి వాల్వ్ తెరిచి ఉంచే పంపు వేయాలి. వేసి దూరం జరగాలి. వాల్వ్ నుంచి బుసబుసలు ఆగి నీళ్లు ధారగా చిమ్మాకే దాన్ని మూయాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు ట్యాంకు మీదికి వంగి స్విచ్ వేయడం చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

ఇక అసలు కడగడం. ఇసుక ఫిల్టర్ ఉన్నవాళ్లు మమ్మల్ని ఎందుకు పిలుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. బ్యాక్‌వాష్‌కి, అంటే నీళ్లను ఎదురు దిశలో పంపి ఇసుకను కడగడానికి, మూత తీసే పనే లేదు. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తుందో దాని పక్కనే మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ఒత్తిడి దాని కంటే 8 నుంచి 10 పీఎస్ఐ (గేజ్ మీది కొలత) పెరిగితే కడిగే టైమైనట్టు. పంపు ఆపి, హ్యాండిల్‌ని బ్యాక్‌వాష్‌కి తిప్పి, మళ్లీ పంపు వేస్తే మురికి నీళ్లు బయటికి పోతుంటాయి. పక్కనున్న చిన్న గాజు గొట్టంలో నీళ్లు తేటపడేదాకా, అంటే రెండు మూడు నిమిషాలు. తర్వాత ఇంకో అర నిమిషం రిన్స్. పంపు నడుస్తుండగా మాత్రం హ్యాండిల్ తిప్పకూడదు, లోపలి రబ్బరు గాస్కెట్ దెబ్బతింటుంది. ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వాననీటి కాలువలోకి వదలడానికి చాలాచోట్ల ఒప్పుకోరు, అది ముందే కనుక్కోవాలి. పూల్ ఉందన్న ఉత్సాహంలో కొందరు గేజ్ సంగతి చూడకుండా మాటిమాటికీ బ్యాక్‌వాష్ చేస్తుంటారు. ఇసుకలో కాస్త మురికి పట్టి ఉంటేనే సన్నటి నలుసులు ఆగుతాయి. అతిశుభ్రం ఇక్కడ పనికిరాదు.

లోపల మడతలు పెట్టిన గుడ్డ చుట్ట ఉండే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. మూత తీయక తప్పదు, ఓపికా కావాలి. మామూలు తోట పైపు చాలు. పైనుంచి కిందికి, ఏటవాలుగా, ఒక్కో మడతలోకి నీళ్లు కొడుతూ తిప్పుకుంటూ రావాలి. మొదట బూడిద రంగు నీళ్లు కారతాయి, తర్వాత ఆకుల ముక్కలు, వెంట్రుకలు. అంతా పోయిందనుకుని వేలితో రాసి చూస్తే జిడ్డు. ఒంటికి పూసుకునే సన్‌స్క్రీన్, నూనెలు మడతల్లోకి ఇంకిపోతాయి, ఉత్త నీళ్లకు రావు. కార్ట్రిడ్జ్ క్లీనర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితేనే వదులుతాయి. ప్రెషర్ వాషర్‌తో కొడితే త్వరగా అయిపోతుంది, గుడ్డా పోతుంది.

తెల్లటి సున్నం పొర ఉంటే తప్ప యాసిడ్ జోలికి వెళ్లొద్దు. వెళ్లాల్సి వస్తే ముందు జిడ్డు వదిలించాకే, లేకపోతే అది గుడ్డలోనే పాతుకుపోతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. క్లోరిన్ వాడిన బకెట్‌ని దీనికి అస్సలు వాడకండి. రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

రాత్రంతా నానాలన్నాను కదా, మా కంపెనీవాళ్లు చెప్పని సంగతి ఒకటి అక్కడే ఉంది. పొద్దున్నే ఫోన్‌కి ఆరోజు వెళ్లాల్సిన ఇళ్ల లిస్టు వస్తుంది. ఎండ నెత్తికెక్కేలోపు సగం ఇళ్లన్నా కావాలి. ఒక ఇంట్లో ఆలస్యమైతే తర్వాతి ఇంటాయన ఆఫీసుకు ఫోన్ చేస్తాడు, ఆఫీసు నాకు చేస్తుంది. అలాంటి పరుగులో నానబెట్టడం ఎక్కడ కుదురుతుంది? పైపుతో కడిగి, బిగించి, ఫోటో తీసి పంపిస్తాం. బిల్లు మీద ఫిల్టర్ క్లీనింగ్ అనే ఉంటుంది. అదే ఒక కార్ట్రిడ్జ్ అదనంగా కొని పెట్టుకున్న ఇంటివాళ్లు ఒకటి బిగించి రెండోదాన్ని తీరిగ్గా నానబెట్టుకుంటారు. ఆ పని మా పని కంటే నిజంగానే బాగుంటుంది.

మరి మేమెందుకు? చూడటానికి. మడత చిరిగిందా, చివరనున్న ప్లాస్టిక్ మూత పగిలిందా, మూత కింద నీళ్లు కారకుండా ఉండే రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి గీత పడిందా, ట్యాంకుకు సన్నటి పగులు వచ్చిందా అన్నవి చాలా ఫిల్టర్లు విప్పిన కంటికి వెంటనే దొరుకుతాయి. ఓ-రింగ్‌కి కొందరు చేతికందిన వాజెలిన్ రాస్తారు. దానికి కొన్ని రకాల రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి, సిలికాన్ గ్రీజే రాయాలి. కడిగాక కూడా గేజ్ దిగకపోయినా, ఇసుక ఫిల్టర్ నుంచి పూల్ అడుగుకు ఇసుక వచ్చి చేరుతున్నా ఇంట్లో తంటాలు పడకుండా పిలవండి. అలా ఇసుక వస్తోందంటే చాలాసార్లు అడుగున ఉండే చీలికల గొట్టం ఏదో విరిగినట్టే. దాన్ని మార్చాలంటే ఇసుకంతా తోడి పోయాలి. నడుములు పడిపోయే పని అది, డబ్బిచ్చి చేయించుకోవడంలో తప్పులేదు.

డీఈ (డయాటమేషియస్ ఎర్త్ అనే సన్నటి మట్టి) పొడి వాడే ఫిల్టర్‌ని ఏడాదికోసారి పూర్తిగా విప్పి కడిగే పని కూడా మాకే వదిలేయండి. ఆ పొడి పట్టి ఉండే లోపలి గుడ్డ పలకలు, అంటే గ్రిడ్లు, సున్నితం, తీసేటప్పుడే చిరుగుతాయి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా డబ్బా తెరిచే టెక్నీషియన్‌ని చూస్తే వెనక్కి పంపేయమంటాను, వాడు మా కంపెనీవాడైనా సరే.

పిలిచినరోజు మాత్రం లోపలికి వెళ్లిపోకండి. కడగకముందు గేజ్ ఎంతుంది, కడిగాక ఎంతకు దిగిందని అడగండి. నానబెడతారా, ఉత్త పైపుతోనే కడుగుతారా అని కూడా అడగండి. లోపల ఏం కనిపించిందో చూపించమనండి. నాలాంటివాడికి అదేం కష్టం కాదు. పక్కన నిలబడి అడిగే మనిషి ఉన్న ఇంట్లో లిస్టు చూసుకుని పరిగెత్తడం ఎవరికైనా కాస్త కష్టమే.