లూకా సువార్త 13లో నడుము వంగిన స్త్రీతో ధ్యానం: నా అనుభవం

వాక్యంలోకి ఊహతో అడుగుపెట్టే ఈ ధ్యాన పద్ధతిని నేను 16వ శతాబ్దపు క్రైస్తవ గురువు, జెస్యూట్ సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ రాసిన 'ఆత్మీయ అభ్యాసాలు' అనే పుస్తకం నుంచి నేర్చుకున్నాను. మూడో పౌలు పోపు 1548లో దానికి ఆమోదం ఇచ్చాడు. "నా బతుక్కి విలువేముంది" అని కుంగిపోయినవాళ్లు ఎవరడిగినా లూకా 13:10-17తో మొదలుపెట్టమంటాను. ఉన్నవి ఎనిమిదే వచనాలు. రెండుసార్లు మెల్లగా చదివి, అందులో ఒకసారి పైకి చదివి, బైబిలు మూసేయాలి.

ముందు చోటు: సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా మందిరం. రోజు: విశ్రాంతిదినం, యూదులు పని మానే రోజు. చాలామంది స్తంభాలు, దుస్తులు ఊహించుకుంటూ ఇక్కడే ఉండిపోతారు. అంత అక్కర్లేదు. ఆ స్త్రీ నడుము 18 ఏళ్లుగా లేవలేదు. ఆమెకు కనిపించేది నేల, చెప్పులు, దుమ్ముపట్టిన మడమలు, అంగీల అంచులు. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పుకోవాలి. ఆ చూపుతోనే చూడండి. నడుము నొప్పి లేనివాళ్లు కుర్చీలో కాసేపు ముందుకు వంగి కూర్చుంటే ఊపిరి ఎలా బిగుస్తుందో తెలుస్తుంది. స్వస్థత దగ్గరికి పరుగెత్తితే ధ్యానం తేలిపోతుంది. వంగి ఉండటం ఒంటికి తెలియనిదే లేచి నిలబడటమూ తెలియదు.

ఆమె ఏమీ అడగలేదు. యేసే చూసి, పిలిచి, "అమ్మా, నీ బలహీనతనుండి విడుదల పొందియున్నావు" అన్నాడు. చేతులుంచింది ఆ తర్వాతే.

విశ్రాంతిదినాన బాగుచేశాడని సమాజమందిరపు అధికారికి వచ్చిన కోపాన్ని మాత్రం దాటేయకండి. అతను ఆమెతో మాట్లాడడు, యేసుతోనూ మాట్లాడడు, జనంతో అంటాడు. మనం వింటుండగానే మన గురించి పక్కవాళ్లతో మాట్లాడే గొంతు ఒకటి అందరికీ గుర్తుంటుంది. అది ఇక్కడ వినిపిస్తుంది, విననివ్వండి. విశ్రాంతిదినాన కూడా ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకెళతారే, మరి యూదుల మూలపురుషుడైన అబ్రాహాము కుమార్తెను కట్ల నుంచి విడిపించకూడదా అన్న యేసు జవాబు ఆ జనం ముందే వస్తుంది. నాకు ఈ భాగానికి ప్రాణం ఇదే. 18 ఏళ్లు జబ్బుమనిషిగా చూసినవాళ్ల ఎదుటే ఆమె ఎవరి బిడ్డో చెప్పాడు. ఇక్కడ ఎంతసేపైనా ఉండండి. కోరింది దొరికిన చోటే నిలిచిపొమ్మని, ముందుకు పోవాలన్న ఆత్రం వద్దని ఇగ్నేషియస్ కూడా అన్నాడు.

చివర్లో స్నేహితుడితో మాట్లాడినట్టు యేసుతో మాట్లాడాలి. ఎక్కువగా తప్పేది ఇక్కడే: మనకు కావలసిన మాటలు ఆయన నోట పెట్టేస్తాం. అందుకే ఆయన వైపు నుంచి వచనంలో ఉన్న మాటలనే రానిస్తాను. పాత గాయమేదైనా రేగి ఊపిరాడనట్టుంటే కళ్లు తెరిచి లేచిపోండి. మీకు ధ్యానం నేర్పేవారితో చెప్పకుండా అదే భాగాన్ని మళ్లీ ముట్టుకోవద్దు.

ఇగ్నేషియస్ పెట్టిన లెక్క గంట. కొత్తవాళ్లకు 20 నిమిషాలు చాలు. ముగిశాక పావుగంట కూర్చునో నడుస్తూనో వెనక్కి చూసుకుని, మనసు ఎక్కడ కదిలిందో, ఎక్కడ బిగుసుకుపోయిందో నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకోవాలి. మర్నాడు కొత్త అధ్యాయం తీయకుండా, మనసు కదిలిన ఆ వచనం దగ్గరే కూర్చోండి.