జపాన్ నుంచి వచ్చాక జపనీస్ నిలబెట్టుకోవడం: ఇప్పటిదాకా లాగ్

తిరిగొచ్చినప్పటి నుంచి నా జపనీస్‌లో ముందు ఏది పోతుందో గమనిస్తూనే ఉన్నా. వ్యాకరణం పోలేదు, తెలుగువాళ్లకి అది అంత తేలిగ్గా పోదు కూడా, క్రియ చివర్లో, విభక్తులు నామం వెనక, దాదాపు మన వాక్యం వరసే కదా. చదవడమూ బానే ఉంది. పోయేది చేతిరాత, ఆ తర్వాత మాట్లాడే వేగం. అందుకే చదవడం తగ్గించి టైమంతా ఈ రెండింటికే పెడుతున్నా.

రాత పోవడానికి కారణం ఫోనే. హిరగానాలో, అంటే పలికినట్టే రాసే అక్షరాల్లో కొడితే కాంజీ (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరం) దానంతటదే వస్తుంది, మనం ఎంచుకుంటే చాలు. యంత్రాన్ని 'కికాయ్' అంటారు, చూడగానే చదివేస్తా, రాయమంటే మాత్రం అందులోని రెండు కాంజీలకీ ఎడమవైపు వచ్చే చెట్టు గుర్తు వేసి పెన్ను పట్టుకుని కూర్చుంటా. మొదటిదానికి 16 గీతలు, రెండోదానికి 11. ప్రైమరీ స్కూలు పిల్లలు నేర్చుకునేవే ఇవి!

కాబట్టి ఆంకీలో (మర్చిపోకముందే కార్డుల్ని మళ్లీ మళ్లీ చూపించే యాప్) కార్డుల ముందువెనకలు మార్చేశా. ముందువైపు హిరగానా, తెలుగు అర్థం, ఒక చిన్న వాక్యం, వెనక కాంజీ. తిప్పేముందు గళ్ల పుస్తకంలో రాయాల్సిందే, ఒక్క గీత తప్పినా 'ఎగైన్' (రాలేదు, మళ్లీ చూపించు) నొక్కడమే. యాప్‌లో కొత్త కార్డులు రోజుకి 20 అని ముందే సెట్ అయి ఉంటుంది, దాన్ని 5కి దించా, ఎందుకంటే చేత్తో రాస్తే ఒక్కో కార్డుకి చాలాసేపు పడుతుంది, రెండ్రోజులు వదిలేస్తే కుప్ప చూసి ఆ యాప్ తెరవబుద్ధి కాదు. రివ్యూకి వచ్చిన కార్డుల్లో గుర్తుండాల్సిన శాతం కూడా యాప్‌లో పెట్టుకోవచ్చు, దాన్ని 90 దగ్గరే ఉంచా, 95 పెడితే రివ్యూలు విపరీతంగా పెరుగుతాయి. జోయో పట్టికలో (రోజువారీ వాడకానికి జపాన్ ప్రభుత్వం ఇచ్చిన జాబితా) ఉన్న 2136 కాంజీలూ చేత్తో రావాలన్న పంతం లేదు, ప్రైమరీలో నేర్పే 1026 వస్తే నాకు చాలు.

మాట్లాడటానికి జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ల సులభ జపనీస్ వార్తలు తీసుకుని, ఆడియో వెనకే అర సెకను తేడాతో పలుకుతూ ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా. వింటే తెలిసింది, వాక్యం చివర 'దెస్', 'మస్' అని దాదాపు తేలిపోవాల్సిన చోట నేను 'దెసు', 'మసు' అని ఉకారం నిండుగా పలుకుతున్నా. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష అలవాటు, ఏం చేస్తాం. ఇది కాస్త తగ్గింది.

తేదీలు ఇంకా తడబడుతున్నాయి. నెలలో మొదటి పదీ, 14, 20, 24 మామూలు లెక్కలో రావు, అందుకే రోజూ పొద్దున్నే ఆ రోజు తేదీ, వారం గట్టిగా చెప్పుకుంటున్నా. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటున్నారు, నవ్వనీ.

డిసెంబర్‌లో జేఎల్‌పీటీ (జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష) రాస్తే పట్టు ఉంటుందని కొందరంటారు. నాకు నచ్చలేదు, అందులో మాట్లాడేదీ లేదు, చేత్తో రాసేదీ లేదు, నాకు జారిపోయేవేమో ఆ రెండే. ఆ ఫీజుతో వారానికోసారి ఆన్‌లైన్‌లో ట్యూటర్‌తో మాట్లాడుతున్నా. తర్వాత పని కీగో, అంటే మర్యాద భాష: ఫోన్‌లో అపాయింట్‌మెంట్ అడగడం, మార్చడం, రద్దు చేయడం. ఈ మూడింటికీ స్క్రిప్ట్ రాసుకుని ట్యూటర్‌తో వేషాలు మార్చి మార్చి ప్రాక్టీస్ చేయాలి.